క్వార్టర్ ఖాళీ చేసే ముందు



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతున్నదో వారి గురించి సభాధ్యక్షులు ఇప్పుడే వివరంగా చెప్పారు. నేను ఒక్క మాట కలుపుతాను. స్మారకోపన్యాసాలు మామూలుగా పెద్ద డాక్టర్ల పేరునో, నాయకుల పేరునో పెడతారు. డిస్పెన్సరీలో మందుల కిటికీ వెనక నిలబడి ఉద్యోగకాలమంతా గడిపిన ఫార్మసిస్టు పేరున పెట్టడం నేనెక్కడా చూడలేదు. అందుకే నేను కూడా ఆ కిటికీ దగ్గరి విషయమే ఎంచుకున్నాను. షుగరో, బీపీయో, ఊపిరితిత్తుల జబ్బో ఉన్న మనిషి ఊరు మారుతాడు. అతని జబ్బు అతనితోపాటే వెళ్తుంది. మరి ఆ జబ్బు గురించి ఇన్నేళ్లుగా తెలిసిన సంగతులు ఎవరితో వెళ్తాయి?

ఈ ప్రశ్న అడగడానికి బొగ్గు గనుల శ్రీరాంపూర్ కంటే తగిన చోటు లేదు. ఈ సభలో అరవై దాటినవాళ్లలో ఇక్కడే పుట్టినవాళ్లు ఎందరో చేతులెత్తమంటే పెద్దగా లేవవు. పాత కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల నుంచి బొగ్గు బాయి పనికి వచ్చినవాళ్లే ఎక్కువ. బొగ్గు నింపే తట్టా చెమ్మస్ పట్టి మొదలుపెట్టి, ఆర్కే బావుల్లోనో ఎస్సార్పీ బావుల్లోనో ఏళ్లు గడిపి, చివరికి ఓపెన్ కాస్టు దుమ్ములో తేలినవాళ్లు ఉన్నారు. ఇక్కడి బొగ్గు కంపెనీలో పదవీ విరమణ వయసు 2021లో 60 నుంచి 61 అయింది. ఏడాది పెరిగిందేమో గానీ, ఆ తరువాతి కథ మారలేదు. దిగిపోతారు, క్వార్టర్ ఖాళీ చేస్తారు. కొందరు నస్పూర్‌లోనో మంచిర్యాలలోనో ఇల్లు కట్టుకుని ఉంటారు. కొందరు మంథని వైపో, జగిత్యాల వైపో సొంతూరికి మళ్లుతారు. మిగతావాళ్లు హైదరాబాదులో కొడుకు దగ్గరికి పోతారు. అంటే ఈ గని కాలనీల్లో వలస తప్పనిది. అదీ మనిషికి వైద్యం అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యే వయసులో జరిగే వలస.

కాలనీలో ఉన్నన్నాళ్లూ వైద్యం గురించి ఎవరూ ఆలోచించరు. డిస్పెన్సరీ ఉంది, పెద్ద జబ్బయితే రామకృష్ణాపూర్ ఏరియా ఆసుపత్రి ఉంది, అక్కడా కుదరకపోతే హైదరాబాదుకు రిఫర్ చేస్తారు. చీటీ చూపిస్తే మందులిస్తారు. ఆ కిటికీ దగ్గర జరిగే పని మందులివ్వడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. కంపెనీ సరఫరాలో గోలీ తయారుచేసినవాడు మారినప్పుడల్లా గోలీ రంగూ సైజూ మారతాయి. మన పెద్దవాళ్లు మందును పేరుతో గుర్తుపెట్టుకోరు. పొద్దున తెల్లది, రాత్రి పసుపుది, అంతే. "పెద్దయ్యా, రంగు మారింది గని మందు గదే. పాతయి మిగిలితే రెండూ కలిపి మింగకు" అని చెప్పే మనిషి ఒకడుండాలి. ఎవరికి ఏ గోలీ పడలేదో, ఎవరి భార్య ఇన్సులిన్ తీసుకోనని మొండికేసిందో, ఎవరు రాత్రి షిఫ్టు రోజుల్లో గోలీ ఎగ్గొడతారో అతనికి తెలుసు. వీటిలో చాలా సంగతులు ఏ రిజిస్టరులోనూ ఉండవు.

ఒక ఉదాహరణ చెబుతాను. మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. బాయిలో హాలేజీ మీద పనిచేసి దిగిపోయిన ఒకాయన హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లాడు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. అక్కడ ఒక ఆసుపత్రిలో మూత్రంలో ప్రోటీన్ పోతున్నట్టు చూసి, కిడ్నీలను కాపాడడానికి రామిప్రిల్ రాశారు. అందులో తప్పేమీ లేదు, పుస్తకంలో ఉన్నదే. కొన్ని వారాలకు పొడి దగ్గు పట్టుకుంది. రాత్రిళ్లు నిద్ర లేదు. దగ్గుతో వచ్చిన మనిషి బొగ్గు బాయిలో పనిచేశాడని వినగానే ఏ డాక్టరు మనసైనా ఊపిరితిత్తుల మీదికే పోతుంది. ఎక్స్‌రే తీశారు, సీటీ తీశారు, టీబీ కోసం కళ్లె పరీక్ష చేశారు. పీల్చే మందులు మొదలుపెట్టారు. దగ్గు మాత్రం తగ్గలేదు.

రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి మందులు రక్తనాళాలను బిగించే ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. శ్వాసనాళాల్లో బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టేది కూడా ఆ ఎంజైమే. దాన్ని అడ్డుకుంటే బ్రాడికైనిన్ పేరుకుంటుంది, కొందరికి గొంతులో గరగర పెట్టి పొడి దగ్గు తెస్తుంది. మందు ఆపితే మామూలుగా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఈయనకు ఈ సంగతి ఏళ్ల కిందటే శ్రీరాంపూర్‌లో బయటపడింది. అప్పుడు మందు మార్చారు. ఎవరికి గుర్తుంది? చివరికి కొడుకు ఫోన్ చేస్తే, రిటైరై ఇంట్లో కూర్చున్న మన ఫార్మసిస్టుగారే గుర్తుచేశారు: "మీ బాపుకు అసొంటి గోలీ ఒకపారి ఇచ్చి ఆపినం గద బిడ్డా. దానితోనే దగ్గు. డాక్టర్ సారుకు గీ ముచ్చట చెప్పు." గోలీ మార్చారు, దగ్గు పోయింది. సీటీ స్కాను డబ్బులు మాత్రం పోయినట్టే.

కొత్త డాక్టరుకు ఏ మందు నడుస్తోందో చెప్పేవాళ్లు దొరుకుతారు, స్ట్రిప్పులు చూపిస్తే సరిపోతుంది. ఏ మందు ఎందుకు ఆపారో చెప్పేవాళ్లు దొరకరు. ఆ స్ట్రిప్పు ఇంట్లో ఉండదు మరి. నన్నడిగితే, ఊరు మారే రోగి దగ్గర ఉండవలసిన సమాచారంలో అన్నిటికంటే విలువైనది అదే. మెట్‌ఫార్మిన్ కిడ్నీ కోసం ఆపారా, కడుపు పాడైందని ఆపారా? రెండింటి తరువాతి వైద్యం వేరు. ఆస్పిరిన్ రక్తం పడిందని ఆపారా, స్టాకు లేక ఆగిపోయిందా?

ఇక సంచి. దిగిపోయినవాళ్లు ఆసుపత్రికి తెచ్చే సంచిని మీరంతా చూసే ఉంటారు. బట్టల దుకాణం పేరున్న సంచి. అందులో చీటీలు, రశీదులు, మడతలుపడ్డ ఎక్స్‌రేలు, ఎవరిదో పెళ్లిపత్రిక కూడా. ఆ సంచి బోర్లించి నేను ముందు వెతికేది పాత ఛాతీ ఎక్స్‌రే. గని చట్టం కింద ప్రతి కార్మికుడికీ అయిదేళ్లకు మించకుండా వైద్యపరీక్ష జరగాలి, అందులో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. దాని విలువ దిగిపోయాక తెలుస్తుంది. కొత్త ఊళ్లో తీసిన ఎక్స్‌రేలో పై భాగాన ఒక మచ్చ కనిపిస్తుంది. పాత టీబీ మానిన గుర్తా, బొగ్గు దుమ్ము గడ్డకట్టిందా, కొత్తగా వచ్చిన క్యాన్సరా? ఒక్క ఫిల్ము చూసి చెప్పడం కష్టం. పదేళ్ల కిందటి ఫిల్ములో అదే మచ్చ అదే సైజులో ఉంటే ఊపిరితిత్తిలోకి సూది గుచ్చే పని చాలావరకు తప్పుతుంది. పాత ఫిల్ములో ఆ మచ్చ లేకపోతే క్యాన్సర్ భయం నిజం కావచ్చు, త్వరపడాలి. అంతేకాదు, దుమ్ము జబ్బు బాయి దిగిపోయాక కూడా ముదరవచ్చు. రాతి దుమ్ము పీల్చినవాళ్లకు టీబీ ముప్పూ ఎక్కువే. జబ్బు పనివల్ల వచ్చిందని పరిహారం అడగాలన్నా మొదటి సాక్ష్యం ఆ పాత ఫిల్ములే. వాటి నకళ్లు దిగిపోయేలోపే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

రెండోది ఈసీజీ. అది వేడికి ముద్రపడే కాగితం. బీరువాలో ప్లాస్టిక్ కవరులో పెట్టి రెండు ఎండాకాలాలు దాటిస్తే గీతలు వెలిసిపోతాయి. జాగ్రత్తపరులు దాన్ని లామినేషన్‌కు ఇస్తారు, ఆ వేడికి కాగితమంతా నల్లబడి వస్తుంది. జిరాక్సు తీయించండి, లేదా వెలుతురులో ఫొటో తీసుకోండి. గుండెనొప్పితో అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఈసీజీలో కనిపించే మార్పు ఇప్పటిదా, అయిదేళ్లుగా ఉన్నదేనా అన్నది ఆ జిరాక్సు తేలుస్తుంది.

ఇన్ని జబ్బుల్లో రెండింటికి మాత్రం ప్రభుత్వం రోగి వెంట కాగితాన్ని తనే పంపుతుంది. టీబీ రోగి పేరు నిక్షయ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితాలో నమోదవుతుంది. అతను మంచిర్యాల నుంచి వేరే జిల్లాకు వెళ్తే ఇక్కడి యూనిట్ అక్కడి యూనిట్‌కు బదిలీ చేస్తుంది, అక్కడివాళ్లు చేర్చుకున్నామని నమోదుచేయాలి. హెచ్ఐవీకి 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్టీ మందులు మొదలైనప్పటి నుంచి ఒక పద్ధతి స్థిరపడింది. తెల్ల కార్డు కేంద్రంలో, ఆకుపచ్చ పుస్తకం రోగి చేతిలో ఉంటాయి. ఊరు మారితే ట్రాన్స్‌ఫర్ అవుట్ రాసిచ్చి పంపుతారు. ఆచరణలో లోపాలున్నా పద్ధతంటూ ఒకటుంది. షుగరుకు, బీపీకి, కిడ్నీ జబ్బుకు అంత పట్టింపు ఎందుకు లేదు? టీబీ రోగి మందు మానేస్తే పక్కింటివాడికి అంటుతుంది. షుగర్ రోగి మందు మానేస్తే అతని కాలే పోతుంది. ఇరుగుపొరుగుకు ప్రమాదమైన జబ్బును సర్కారు వెంటాడుతుంది, మనిషికి మాత్రమే ప్రమాదమైన జబ్బును ఆ మనిషికే వదిలేస్తుంది. ఇందులో లెక్క ఉంది, ఆ లెక్క పాతబడిపోయిందని నా అభిప్రాయం. అంటువ్యాధులే ఎక్కువ మందిని చంపిన కాలంలో కట్టిన ఇల్లు ఇది. దానికి మరో గది కట్టాల్సిన రోజు వచ్చి చాలాకాలమైంది.

దిగిపోయినవాళ్లకు వైద్య పథకం కార్డు ఉంది కదా అనవచ్చు. ఉంది. చందా కట్టి తీసుకున్న ఆ కార్డు భార్యాభర్తలిద్దరికీ పనికొస్తుంది. అది బిల్లు సంగతి చూస్తుంది, జబ్బు చరిత్ర చెప్పదు. పాత రిపోర్టులు లేక పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయిస్తే ఖర్చయ్యేది కార్డులో సొమ్మయినా జేబులో సొమ్మయినా మీదే. ఇక 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబరు ఇస్తున్నారు. తీసుకోండి, నష్టం లేదు. అయితే ఆసుపత్రివాళ్లు రికార్డులు ఎక్కించినప్పుడే అందులో ఏమైనా ఉంటుంది. నంబరు ఉంది కాబట్టి జబ్బంతా కంప్యూటరులో ఉందని నిశ్చింతగా సంచి పారేసినవాళ్లను చూశాను.

డయాలిసిస్ మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. మిగతా జబ్బుల్లో కాగితం నెల ఆలస్యమైనా మనిషి నిలబడతాడు. వీళ్లకు రెండు మూడు రోజుల గడువే. వారానికి మూడుసార్లు మిషన్ మీద పడుకోవలసిన మనిషి కొత్త ఊళ్లో బెడ్డు ఖాయం కాకుండా సామాను లారీ ఎక్కించకూడదు. కొత్త కేంద్రం మొదట హెపటైటిస్ బీ, సీ, హెచ్ఐవీ రిపోర్టులు అడుగుతుంది, మిషన్లు ఎవరికేవో వేరు చేయడానికి. తరువాత డ్రై వెయిట్ ఎంత, ఫిస్టులా ఏ చేతికి, హెపారిన్ ఎంత, చివరిసారి బీపీ పడిపోయిందా అని. ఇవి పాత కేంద్రంలోని టెక్నీషియన్‌కు కంఠతా వచ్చు. బయల్దేరే ముందు రాయించుకోవాలి.

ఈ ప్రాంతం నుంచి హైదరాబాదు దాటి పోయేవాళ్లూ ఎక్కువే కాబట్టి ఆ సంగతీ కొంత చెబుతాను. గల్ఫ్ దేశాలకు పోయే మన జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల పిల్లలు మెడికల్‌లో అన్‌ఫిట్ అవుతామని షుగరును దాచిపెట్టి, గోలీలు ఇంట్లోనే వదిలి విమానం ఎక్కుతారు. ఎర్రటి ఎండలో సైటు మీద పడిపోతారు. అది కేవలం వాళ్ల తెలివితక్కువ అనలేను, అప్పు చేసి వీసా కొన్న మనిషి లెక్క అలా ఉంటుంది. కానీ గోలీలు తీసుకెళ్లడానికీ ఒక పద్ధతి ఉంది. మన దగ్గర నడుంనొప్పికి సులువుగా రాసే ట్రమడాల్ దుబాయిలో నియంత్రణలో ఉన్న మందు, ముందస్తు అనుమతి లేకుండా సంచిలో దొరికితే చిక్కులే.

అమెరికాలో బిడ్డ దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల చిక్కు ఇంకో రకం. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు మన దగ్గర రక్తం గడ్డకట్టకుండా ఎక్కువగా వాడేది అసిట్రోమ్. ఆ మందు అమెరికాలో దొరకదు. అక్కడ వార్ఫరిన్ ఇస్తారు. రెండూ ఒకే జాతి మందులైనా డోసు ఒకటి కాదు, మార్చిన మొదటి వారాల్లో రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్ఆర్ పరీక్ష వెంటవెంటనే చేయించాలి. మూడు నెలల గోలీలు సూట్‌కేసులో వేసుకుని వెళ్లి, అక్కడ ఆరు నెలలు ఉండిపోయే అమ్మలకు ఈ సంగతి ముందే తెలియాలి.

ఇన్సులిన్ ఇంకా ప్రమాదం. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో వచ్చేదీ, అమెరికాలో సీసాలో వచ్చేదీ 100 యూనిట్లది, దానికి నారింజ మూత సిరంజి. శ్రీరాంపూర్ నుంచి తెచ్చుకున్న ఎర్ర మూత సిరంజిలో అక్కడి ఇన్సులిన్ 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. తెల్లవారేసరికి మనిషి లేవకపోవచ్చు. పైగా ఇంగ్లండు వంటి చోట్ల షుగరును వేరే కొలతలో చెబుతారు, మన 180 అక్కడ 10. "షుగర్ పదే ఉందట, బాగా తగ్గింది" అని ఫోన్‌లో సంబరపడ్డ కుటుంబం నాకు తెలుసు. దూరం పోనక్కర్లేదు, మే నెలలో మంచిర్యాలలో భాగ్యనగర్ రైలు ఎక్కి హైదరాబాదు పోయేటప్పుడు కూడా ఇన్సులిన్‌ను మంచుగడ్డకు ఆనించి పెట్టవద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. తడిగుడ్డ చుట్టిన చిన్న డబ్బా చాలు.

ఇంతసేపూ కార్మికుడి గురించే మాట్లాడాను. కాలనీల్లో ఆడవాళ్ల జబ్బు కూడా భర్త నంబరు మీదే నడుస్తుంది. ఆమెకు తన జబ్బు కాగితాలు ఎక్కడున్నాయో చాలాసార్లు తెలియదు, అన్నీ ఆయన పెట్టెలో ఉంటాయి. ఆయన పోయాక బిడ్డ దగ్గరికి చేరుతుంది. అక్కడ డాక్టరు "ఏం గోలీలు వాడుతున్నవమ్మా" అంటే, "తెల్లది ఒకటి, చిన్నది ఒకటి సారు" అంటుంది. థైరాయిడ్ గోలీ 50 మైక్రోగ్రాములా 100 మైక్రోగ్రాములా అన్నది పరగడుపున వేసుకునే ఆ చిన్న గోలీ డబ్బా మీద ఉంటుంది. ఆ డబ్బా అయిపోయి పారేసి ఉంటుంది. జబ్బు చరిత్ర రాసిన కాగితం విడిగా, ఆమె పేరున, ఆమె చేతిలో ఉండాలని అందుకే అంటున్నాను.

ఆ కాగితం ఎంతుండాలి? ఒక్క పేజీ. లావుపాటి ఫైలును కొత్త డాక్టరు చదవడు, నేనూ చదవను, ఓపీలో అంత సమయం ఉండదు. జబ్బుల పేర్లు, అవి ఏ సంవత్సరంలో బయటపడ్డాయో. మందుల అసలు పేర్లు, డోసు, ఎప్పుడు వేసుకోవాలో. ఆపిన మందులు, ఆపిన కారణం. పడనివి. ఆపరేషన్లు. చివరి క్రియాటినిన్, మూడు నెలల షుగరు, ఈసీజీ తేదీలతో సహా. కిందనే డిస్పెన్సరీ ఫోన్ నంబరు. ఇంగ్లిషులో ఒకవైపు, వెనకవైపు తెలుగులో, మనవడు చదివి చెప్పడానికి.

దిగిపోయేటప్పుడు సీఎంపీఎఫ్ (గని కార్మికుల భవిష్యనిధి) కాగితాలకు, గ్రాట్యుటీకి, క్వార్టర్ నో డ్యూస్‌కు ఎన్ని బల్లల చుట్టూ తిరగాలో మీకు చెప్పనక్కర్లేదు. ఆ బల్లల వరుసలో ఈ పేజీ కోసం ఒక బల్ల చేర్చమని నా కోరిక. బొగ్గు గని ఎక్కడున్నా, ఏ కంపెనీదైనా ఇది చేయవచ్చు. ప్రతి గుర్తింపు సంఘం ఎన్నికల్లో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కావాలన్న డిమాండు వింటాం. కావాలి, నేనూ అడుగుతాను. ఆ ఆసుపత్రి లేచేలోపు ఈ పేజీ ఇవ్వడానికి బడ్జెట్టు అక్కర్లేదు, పునాదిరాయి అక్కర్లేదు. విరమణకు ఆరు నెలల ముందు ఒక అరపూట, ఒక డాక్టరు, కిటికీ వెనకుండే మనిషి కూర్చుంటే చాలు. సంఘాల వారు ఈ సభలో ముందు వరుసలోనే ఉన్నారు, విన్నారనే అనుకుంటాను.

మొదటి అడుగు ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన ధర్మనిధి తరఫునే వేశారు. హాలు వెనక బల్ల దగ్గర ఖాళీ ఫారాలతో ఇద్దరు ఫార్మసీ విద్యార్థులు కూర్చున్నారు. ఈ ఏడాది దిగిపోతున్నవాళ్లు చీటీలు, గోలీల స్ట్రిప్పులు తీసుకుని అక్కడికి వెళ్లండి. ఇవాళ తేనివాళ్లకు వచ్చే ఆదివారం పొద్దున ఇక్కడే మళ్లీ కూర్చుంటారట. ఇంట్లోవాళ్లను కూడా తీసుకురండి, వాళ్లకు వేరే ఫారం రాయాలి.